మెడ మీద మచ్చ

2018 నవంబరులో నాకు వచ్చిన జ్వరం గురించి ఎవరైనా అడిగితే "స్క్రబ్ టైఫస్, తగ్గిపోయింది" అని రెండు మాటల్లో చెప్పేసేదాన్ని. గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం అది. ఇంకా చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి, అది నావల్ల అయ్యేది కాదు. ఆయన పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఇప్పుడు రాయగలను అనిపిస్తోంది.

నాన్నది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక ఊరు. ఏడో తరగతితో బడి మానేసి పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ వచ్చి జీడి ఫ్యాక్టరీలో బస్తాలు మోశారు. జీడిపిక్కల బస్తా 80 కిలోలు. ఆయన అప్పటికి అంత బరువు కూడా లేరట. తర్వాత పిక్కలు కొనిపెట్టే బ్రోకరుగా తిరిగి, 1994లో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని సొంతంగా పిక్కలు ఉడికించే బాయిలర్ పెట్టారు. పప్పు గుప్పిట్లోకి తీసుకుని 210 గుళ్ళా, 240యా, 320యా అని చూడకుండా చెప్పేవారు. గుళ్ళంటే విరగని పప్పులు. పౌనుకి ఎన్ని గుళ్ళు తూగితే అది ఆ నంబరు. నంబరు తగ్గేకొద్దీ గుళ్ళు పెద్దవి, ధర ఎక్కువ. పెద్ద గుళ్ళన్నీ అమ్మకానికే పోయేవి. ఇంట్లో మేం తిన్నది బద్దలూ నూకా. మా ముగ్గురి పుట్టినరోజులకి మాత్రం 180 గుళ్ళు జేబులో పోసుకుని తెచ్చేవారు. ఎంత సీజన్ అయినా రాత్రి ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండేవారు. మేం తిన్నాకే ఆయన కంచం ముందు కూర్చునేవారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ప్రాంతం మీదే తీరం దాటింది. షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. లోపలున్న పిక్కలు తడిసి బూజు పట్టాయి. ఊళ్ళో తాతయ్య వేసిన జీడితోటలో నిలబడిన చెట్టు లేదు. నేను విజయనగరం నుంచి అమ్మకి సాయంగా వచ్చి, పిల్లల్ని అత్తయ్య దగ్గర వదిలి, దీపావళి దాకా ఉండిపోయాను. ఒకరోజు అమ్మా నేనూ తోటకి వెళ్ళి, పడిపోయిన కొమ్మల మధ్య, మోకాలెత్తు గడ్డిలో మధ్యాహ్నం దాకా తిరిగాం. అక్కడే ఏదో కుట్టి ఉండాలి. నల్లికన్నా చిన్న పురుగు, కంటికి కనపడదు, కుట్టినట్టు కూడా తెలియదు.

దీపావళికి రెండు రోజుల ముందు జ్వరం మొదలైంది. కాశీబుగ్గలో ఇంజెక్షన్లు, తగ్గలేదు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. డెంగీ లేదు, మలేరియా లేదు, టైఫాయిడ్ అన్నారు. సెలైన్లు, మళ్ళీ రక్తపరీక్షలు, అవన్నీ అందరికీ తెలిసినవే.

ఎనిమిదో రోజు రాత్రి మాత్రం నాకు నిమిషం నిమిషం గుర్తుంది. పదింటికి ఊపిరి అందడం మానేసింది. పడుకుంటే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు. లేచి కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి. నాన్న వెళ్ళి డ్యూటీ డాక్టర్ని పిలుచుకొచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి నన్ను చూశారు. స్టెతస్కోపు మెడలోనే ఉంది, తియ్యలేదు. "ఆయాసం కాదమ్మా, టెన్షన్. ఇలాంటి లేడీస్‌ని రోజూ చూస్తుంటాం. కళ్ళు మూసుకుని పడుకోండి" అని వెళ్ళిపోయారు.

ఆ మాట నేను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. జబ్బు పట్టుకోలేకపోవడం వేరు, అది ఎవరికైనా జరుగుతుంది. కానీ నా ఊపిరి నాకు అందుతోందో లేదో నాకు తెలియదా? ఆ మాట విన్నాక కాసేపు నేనే నమ్మాను. నా తప్పే అనుకుని, శబ్దం రాకుండా ఊపిరి తీసుకోవడానికి ప్రయత్నించాను. అలా ఇంకో గంట పోయింది.

నాన్న నమ్మలేదు. మంచం మీద నా వెనక కూర్చుని నన్ను తన ఛాతీకి ఆనించుకున్నారు. చెమటకి జుట్టు మెడకి అంటుకుపోతుంటే జడ విప్పి పైకి ఎత్తి ముడి వేశారు. అప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది. ఫోన్ లైటు వేసి చూశారు. జుట్టు మొదలయ్యే చోట నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు.

"ఇదేటమ్మా, నొప్పెడతందా?"

లేదన్నాను. అక్కడ ఏదో ఉందనే నాకు తెలియదు.

నర్సుని పిలిచి చూపించారు. దోమ కుట్టి గోకేసుకుని ఉంటారంది. జీడి అంటే పిక్క తొక్కలో ఉండే రసం, ఒంటికి తగిలితే కాలుస్తుంది. నాన్న ఆమెతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నలభయ్యేళ్ళగ జీడిలో ఉన్నాను తల్లీ. జీడి కాలిన మచ్చ నాకు తెల్దా? ఇది చూడ్డానికి అలాగే ఉంది గానీ అది కాదు. జీడి ఇలగ గుండ్రంగా కూకోదు. నొప్పి లేకండా అసలుండదు. ఇదేదో లోపల్నించి వచ్చింది."

ఆ రాత్రి ఒంటిగంటకి సంతకాలు పెట్టి, అంబులెన్స్ మాట్లాడి నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళారు. దారి పొడవునా ఆక్సిజన్ మాస్కు జారకుండా పట్టుకుని కూర్చున్నారు. అక్కడ ఒక కుర్ర డాక్టరుగారు ఉన్నారు. నాన్న ముందు మచ్చే చూపించారు. ఆవిడ ఒక్కసారి చూసి "స్క్రబ్ టైఫస్ అయి ఉండొచ్చు" అని, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. టైఫాయిడ్ అనుకుని అప్పటిదాకా ఎక్కించిన మందు దీని మీద పనిచెయ్యదట. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఐసీయూలో నాలుగు రోజులున్నాను. ఆ తల్లి పేరు నా పూజగదిలో రాసి పెట్టుకున్నాను.

చూడ్డానికి వచ్చిన అమ్మ తరఫు చుట్టం ఒకాయన, ఐసీయూ బయట, "పెళ్ళైన పిల్లకి ఇంత పెట్టుబడేటి బావా, అసలే తుఫానులో పోయింది, అత్తారోళ్ళు చూసుకోరా" అన్నారట. మా ఆయన అక్కడే ఉన్నారు, ఆయనే చెప్పారు నాకు. నాన్న "పెళ్ళి చేసేను గానీ అమ్మీలేదు బావా" అన్నారట. ఆ తర్వాత కూడా ఆ చుట్టంతో ఎప్పట్లాగే మాట్లాడారు. వ్యాపారమూ చేశారు. నాకు అంత మనసు లేదు.

అమ్మ అరసవల్లి మొక్కుకుంది. గుడికి పెద్దగా వెళ్ళని మనిషి నాన్న, రథసప్తమికి వచ్చి తలనీలాలు ఇచ్చారు. గుండుతో ఫ్యాక్టరీకి వెళ్తే పిక్కలు కటింగ్ చేసే ఆడవాళ్ళు ఎవరు పోయారో అని హడలిపోయారట. "ఎవరూ పోలేదు, మా పిల్ల తిరిగొచ్చింది" అని అందరికీ లడ్డూలు పంచారట.

2020లో నాన్న కాళ్ళు వాచాయి. విశాఖలో కిడ్నీ డాక్టరుగారు "మొదట ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు. నేను "ఇప్పుడేనండి" అనబోయాను. నాన్న తల వంచుకుని "2018 ఆగస్టు" అన్నారు. ఊళ్ళో పెట్టిన క్యాంపులో రక్తం తీశారట. కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ అప్పటికే 2.8. దసరా, దీపావళి అమ్మకాలయ్యాక చూపించుకుందాం అనుకున్నారట. "తర్వాత తుఫాను. తర్వాత నీ జ్వరం. నా వంతు తర్వాత చూద్దాం అనుకున్నాను."

నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఆ రాత్రికే ఆయనకి తెలుసన్నమాట. విశాఖ నుంచి పలాస దాకా కారులో ఆయనతో మాట్లాడలేదు. కోపం. నా మెడ మీది మచ్చని లైటు వేసి వెతికిన మనిషి తన కాగితాన్ని మడిచి దాచేశాడని కోపం. బస్తాలు మోసిన నడుం నొప్పికి ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు మింగారు, అవి కిడ్నీలకి మంచివి కావని ఆ రోజే చెప్పి ఉంటే మానిపించేవాళ్ళం. మా పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఒక్క కారణమని తేలలేదు. కానీ ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టుకుని, మందులు జాగ్రత్తగా వాడుకుని కొన్నేళ్ళు నెట్టుకురావచ్చు. ఆ కొన్నేళ్ళు మాకు దక్కలేదు. పలాసలో వారానికి మూడు డయాలసిస్‌ల మీద ఏడాదిన్నర ఉండి, 2022 మార్చిలో పోయారు. కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అటు చూడకుండా ఉండలేను.

వానాకాలం తర్వాత జ్వరం ఐదు రోజులకీ తగ్గకపోతే ఒళ్ళంతా వెతకండి. చంకలు, గజ్జలు, నడుం చుట్టూ, చెవి వెనక, జుట్టు కింద. మచ్చ అందరికీ రాదు, లేకపోయినా డాక్టర్ని స్క్రబ్ టైఫస్ పరీక్ష అడగండి. ఊపిరి అందట్లేదని ఇంట్లో మనిషి చెబితే ఆ మనిషినే నమ్మండి.

ఇప్పుడు ఫ్యాక్టరీ తమ్ముడు చూసుకుంటున్నాడు. ఏడాదికి ఒకసారి, దీపావళి అయిన వారం, నేను వెళ్ళి అక్కడ పనిచేసే అందరికీ క్రియాటినిన్ పరీక్ష చేయిస్తాను. కిందటిసారి పప్పు పొట్టు తీసే పీలింగ్‌లో పనిచేసే ఒక పెద్దమ్మకి 1.9 వచ్చింది. ఆమె కాగితం చూసుకుని, చీర కొంగుకి ముడి వేసుకుంటూ, "మా గుంటడికి చెప్పకమ్మా, పెళ్ళి కుదిరింది, గాబరా పడతాడు" అంది. ముడి విప్పించి కాగితం తీసుకున్నాను. ఆ సాయంత్రం ఆమెతోపాటు వాళ్ళింటికి వెళ్ళి, అబ్బాయి పని నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చుని, అతని చేతికే ఇచ్చాను.