క్వారీ లాప్‌టాప్‌కు దుమ్ము పరీక్ష: నా అనుభవం

దామరచర్ల వైపు ఒక సున్నపురాయి క్వారీలో మెషీన్ల మెయింటెనెన్స్ చూస్తాను. డంపర్ మొరాయించినా, డ్రిల్లింగ్ మెషీన్ ఆగినా అక్కడికే లాప్‌టాప్ తీసుకెళ్లి కలిపి చూడాలి. ఎండాకాలంలో మామూలు లాప్‌టాప్ అక్కడ నిలవదు, ఫ్యాన్ తెల్లటి పొడితో బిగుసుకుపోతుంది. అందుకే ఫ్యాన్ లేని రగ్గెడ్ (దుమ్ముకూ మోటు వాడకానికీ తట్టుకునే) లాప్‌టాప్‌లు కొనాలనుకున్నాం. డబ్బా మీద ఐపీ65 అని, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి రాకుండా ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్, ఉంది. అయినా ముందు ఒకదాన్ని పరీక్ష చేయిద్దామని పట్టుబట్టాను.

హైదరాబాద్ ల్యాబ్‌లో అడిగిన మొదటి మాట: "సార్, బాడీకి రంధ్రం వేయొచ్చా?"

ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. దుమ్ము అంకె 5 అయితే కాస్త దుమ్ము దూరినా పని చెడకూడదు. మా దానిలా 6 అయితే అసలు దూరకూడదు. అది తేల్చడానికి లోపలి గాలిని పంపుతో లాగి, ఒత్తిడిని బయటి కంటే 2 కిలోపాస్కల్ వరకు తగ్గిస్తారు. రంధ్రం అందుకే. నాకిది అతిగా అనిపించలేదు. ఎండలో కాగిన లాప్‌టాప్‌ను ఏసీ క్యాబిన్‌లో పెడితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, సందు దొరికితే బయటి దుమ్మునూ లాక్కుంటుంది.

మేనేజర్ గారు మాత్రం "కొత్తదాన్ని చేతులారా పాడుచేస్తావా?" అన్నారు. "అన్నీ కొన్నాక పాడైతే ఎట్ల సార్?" అన్నాను. ఒప్పుకున్నారు.

ఇంకో కోరిక కోరాను. పోర్టుల రబ్బరు మూతలను మా కుర్రాళ్లు రోజూ తీసి పెట్టినట్టే చాలాసార్లు తీసి పెట్టి, ఆ తర్వాతే దుమ్ము పరీక్ష చేసే ఛాంబర్‌లో పెట్టమన్నాను. కొత్త రబ్బరు పాసైతే మాకేం లాభం?

ఛాంబర్‌లో ఘనమీటరుకు 2 కిలోల చొప్పున మెత్తని టాల్కం పొడి గాలిలో తిరుగుతూనే ఉంటుంది. గాలి ధారాళంగా లోపలికి వస్తుంటే 2 గంటల్లో అయిపోతుంది, రాకపోతే 8 గంటల దాకా సాగుతుంది. మాది 8 గంటలూ నడిచింది. బిగువుగా ఉందనడానికి అదే గుర్తని సంతోషపడ్డాను.

పైన తుడిచి విప్పారు. మదర్‌బోర్డు శుభ్రంగా ఉంది, కానీ ఛార్జింగ్ పోర్టు మూత పక్కన లోపల సన్నటి తెల్లగీత. 6కి అది ఫెయిలే.

కంపెనీ వాళ్లు ఆ మూతను మందం రబ్బరుతో మార్చి ఇంకో పీస్ పంపారు. మూతలు అలాగే వాడి చూశాక అది పాసైంది. ఆర్డర్‌లో ప్రతి లాప్‌టాప్‌కూ స్పేర్ మూతల సెట్ ఇవ్వాలని రాయించాను.