నలభై నాలుగు

రాత్రి పదకొండు దాటింది. కొబ్బరినూనె రాసి, సబ్బుతో మూడుసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో మసి పోలేదు. పడుకుందామంటే పొద్దున వర్క్‌షాపులో ఆ మెకానిక్ అబ్బాయి అన్న మాటే చెవిలో తిరుగుతోంది. "తూక్కి పోట్టుడలాంక్కా." తీసి పారేద్దాం అక్కా అని. నాన్న పాత అమెరికా కారులో కంప్యూటర్‌ని!

అరిగిపోయిన వైపర్ బ్లేడు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. బానెట్ ఎత్తి ఐదు నిమిషాలైనా కాలేదు. ఒక ప్లగ్గు విప్పాడు, నల్లగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అంతే, తీర్పు అయిపోయింది. పెట్రోలు ఎక్కువ పోతోందట, పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటర్ పాడైందట, ఇలా కంప్యూటర్ తగిలించిన కార్బురేటర్ ఈ ఊళ్ళో ఎవరికీ రాదట. పుదుప్పేట పాత సామాన్ల బజార్లో మామూలు కార్బురేటర్ వెతికి పెట్టేసి, ఈ వైర్లన్నీ కట్ చేసేస్తే బండి సుఖంగా తిరుగుతుందట. మా ఆయన పక్కనే నిలబడి తల ఊపుతున్నారు. ఆ తల ఊపడం చూసి నాకు ఇంకా మండింది.

బండి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బాగుంటుంది, ఐదు నిమిషాలు నడిచాకే పెట్రోలు వాసన, నల్ల పొగ మొదలవుతాయి అని నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ "అవునక్కా, అవునక్కా" అన్నాడు తప్ప ఒక్క ప్రశ్న అడగలేదు. కార్బురేటరే పొంగుతుంటే ఆ మొదటి ఐదు నిమిషాలు ఎందుకు ఊరుకుంటుంది? డాష్‌బోర్డులో చెక్ ఇంజన్ దీపం వెలుగుతూనే ఉంది. అది ఎందుకు వెలుగుతోందో చూద్దామని ఒక్కరూ అనలేదు. పైగా దారిలో ఆయన, "అంతా ఈ ఈ-20 పెట్రోలు వల్లేనేమో" అన్నారు. ఎవరో ఫార్వర్డ్ చేశారట. ఈ-20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ కలిస్తే మిశ్రమం పలచబడే మాట, అంటే పెట్రోలుకి గాలి ఎక్కువయ్యే మాట, నిజమే. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ-20కి సుమారు 13.5 చాలు. దాన్ని చూసి సర్దుకోవడానికే కదా ఆ కంప్యూటర్ ఉన్నది! అలాంటిదాన్ని పారేసి మామూలుది పెడితే ఈ-20తో ఇబ్బంది పెరుగుతుందా, తగ్గుతుందా? ఈ మాట కారులోనే అనాల్సింది. అనలేదు. గొంతు పట్టేసింది.

సాయంత్రం ఎండ తగ్గాక (కత్తిరి ఎండలు కదా, ఐదు దాకా బానెట్ ముట్టుకోలేం) నేనే మొదలుపెట్టాను. స్టీరింగ్ కింద కనెక్టర్‌లో ఏ, బి అని రెండు రంధ్రాలు. యు ఆకారంలో వంగిన పక్కపిన్నుతో రెండింటినీ కలిపాను. అలా కలిపితే కంప్యూటర్ తను పట్టుకున్న తప్పు నెంబరుని చెక్ ఇంజన్ దీపం మెరుపులతో చెబుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పాను. అమ్మ కుడివైపు సీట్లో కూర్చుని దీపం వైపు చూస్తోంది.

ఒకసారి మెరిసి ఆగింది, తర్వాత రెండుసార్లు. పన్నెండు. అది మూడుసార్లు. దాని అర్థం "నేను మేలుకునే ఉన్నాను, ఇంజన్ తిరగడం లేదు" అని మాత్రమే. తర్వాత నాలుగు, ఆగి, మళ్ళీ నాలుగు.

"నలభై నాలుగు. మీ నాన్న నెంబరేనే" అంది అమ్మ.

నాన్న నెంబరే. 1989లో, ఇదే పోర్టికోలో, కరెంటు పోయిన రాత్రి ఆయన నా జడలోంచి పక్కపిన్ను లాక్కుని వంచి పెట్టాడు. నేను సీటు అంచు మీద కూర్చుని పైకి లెక్కపెడుతుంటే, నాన్న టార్చి వెలుతురులో నోటుబుక్కులో రాసుకున్నాడు. దోమలు పీక్కుతింటున్నాయి, లోపల్నించి అన్నానికి పిలుపులు. ఒకసారి తప్పు లెక్కపెట్టి నలభై మూడన్నాను. "పర్లేదు, అది మూడుసార్లు చెబుతుంది, మళ్ళీ విను" అన్నాడు. ఆ రాత్రి జడ సగం ఊడిపోయి లోపలికి వెళ్ళి తిట్లు తిన్నాను. పక్కపిన్ను మాత్రం ఆయన తిరిగివ్వలేదు. గ్లోవ్‌బాక్సులోనే ఉంది. ఇవాళ వాడింది అదే.

ఈ కంప్యూటర్ ఏం చేస్తుందో నాకు ఆయన చెప్పింది మాత్రం పోర్టికోలో కాదు, నెల్లూరు రోడ్డు మీద. 1984 మోడల్ అమెరికా బండి కదా, స్టీరింగ్ ఎడమవైపు. ముందు లారీ ఉంటే నడిపేవాళ్ళకి ఎదుటి దారి కనబడదు. కుడిపక్క కూర్చున్న అమ్మ తల కొంచెం బయటికి పెట్టి చూసి "ఇప్పుడొద్దు" అనాలి, లేదా "రండి" అనాలి. నాన్న ఆ మాట మీదే యాక్సిలరేటర్ తొక్కేవాడు. ఒకసారి గూడూరు దగ్గర వాన. అద్దం దించడానికి లేదు. లోపలి నుంచి ఆవిరి పట్టిన అద్దంలోంచే చూసి అమ్మ "రండి" అంది. ఎదురుగా బస్సు. నాన్న ఒక్క కోత కోసి మళ్ళీ లారీ వెనక్కి వచ్చి, రోడ్డు దిగి బురదలో ఆపాడు. వెనక సీట్లో నా ఒళ్ళో ఉన్న మజ్జిగ చెంబు మొత్తం ఒలికిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. అమ్మ చేతులు వణుకుతున్నాయి. నాన్న అమ్మని ఒక్క మాట అనలేదు. వానలో దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆ వైపు అద్దం లోపలా బయటా తుడిచి, మళ్ళీ ఎక్కాడు. కొంతదూరం పోయాక అన్నాడు, నాతోనే: "మన కార్బురేటర్‌కి కూడా ఇలాగే పక్కన ఒకరు కూర్చుని చెబుతుంటారమ్మా."

ఆ చెప్పేది ఆక్సిజన్ సెన్సార్. పొగగొట్టంలో ఉంటుంది. కాలిన పొగలో ఆక్సిజన్ మిగిలితే వోల్టేజి తగ్గుతుంది, 0.1 దాకా. పెట్రోలు ఎక్కువై ఆక్సిజన్ మిగలకపోతే 0.9 దాకా పెరుగుతుంది. అది చూసి కంప్యూటర్ కార్బురేటర్‌లోని సొలెనాయిడ్‌ని (కరెంటుతో లేచి పడే చిన్న మీట) సెకనుకి పదిసార్లు కొడుతూ పెట్రోలుని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇప్పుడు కూడా పిన్ను పెట్టి తాళం తిప్పి కార్బురేటర్ మీద వేలు ఆనిస్తే ఆ టకటక వేలికి తెలుస్తుంది. బక్క పిట్టని పట్టుకున్నట్టు ఉంటుంది. సెన్సార్ సుమారు 300 డిగ్రీలకి వేడెక్కేదాకా నోరు విప్పదు. అంతవరకూ కంప్యూటర్ తనకి తెలిసిన లెక్కతో నడిపిస్తుంది. మొదటి ఐదు నిమిషాలు బండి బాగుండేది అందుకే. నేను పొద్దున రెండుసార్లు చెప్పినది ఇదే!

నలభై నాలుగు అంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంది, మిశ్రమం పలచన అని సెన్సార్ చెబుతోందని. నాన్న రోజుల్లో అది సెన్సార్ చచ్చిపోవడం వల్ల వచ్చేది. మద్రాసు పంపుల్లో అప్పుడు దొరికేదంతా సీసం కలిపిన పెట్రోలే. సీసం సెన్సార్‌కి పూతలా పట్టేస్తుంది, కొన్నాళ్ళకి అది ఏమీ చెప్పలేదు. అమెరికా నుంచి ఎవరు వస్తున్నా సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు ఒక సెన్సార్ రావాల్సిందే. 1995 ఏప్రిల్ 1న మద్రాసుతో కలిపి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేసి, సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలుపెట్టారు. నాన్న ఆ వారంలోనే కొత్త సెన్సార్ బిగించాడు. మీటర్ ముల్లు ఆడుతుంటే వంటింట్లోంచి అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు.

నలభై నాలుగు అనగానే నేను గత నెలలో చేసింది కూడా అదే, సెన్సార్ మార్చేశాను. మూడువేల చిల్లర. రెండురోజులకి దీపం మళ్ళీ వెలిగింది. సెన్సార్‌కి సీసం పట్టడానికి ఇప్పుడు పెట్రోల్లో సీసమే లేదు. ఆ మాట డబ్బు కట్టేముందు తట్టలేదు.

ఇవాళ అలా కాదని నాన్న డ్వెల్ మీటర్ తీశాను, ఆ సొలెనాయిడ్ ఒక్కో కొట్టుడులో ఎంతసేపు ఆన్‌లో ఉంటుందో ముల్లుతో చూపించేది. కార్బురేటర్ పక్కన ఆకుపచ్చ కనెక్టర్‌కి తగిలించి, ఎనిమిది సిలిండర్ల బండే అయినా ఆరు సిలిండర్ల స్కేలు మీదే చూడాలి. ముల్లు ముప్పై చుట్టుపక్కల ఆడుతూ ఉండాలి. ఇంజన్ వేడెక్కాక మెల్లగా కిందికి జారి ఆరు దగ్గర ఆగిపోయింది. ఆరు అంటే కంప్యూటర్ తన చేతనైనంతా పెట్రోలు పోయమంటోందని. ఈ-20 అయితే ముల్లు కొంచెం పక్కకి జరగాలి కానీ అట్టడుగున అతుక్కుపోదు. అంటే ప్లగ్గులు నల్లబడుతున్నాయి, పొగ నల్లగా వస్తోంది, సెన్సార్ మాత్రం పలచన, పలచన అంటోంది. కొత్త సెన్సార్. అది ఎక్కడి గాలిని చూస్తోంది?

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, టార్చి పట్టుకుని పొగగొట్టం వెంట వెళ్ళాను. సెన్సార్‌కి ముందున్న జాయింట్ దగ్గర, ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డూ పైపూ కలిసేచోట, ఒక పక్క కాటుక గీసినట్టు నల్లటి గీత. వేలితో రాస్తే మసి. పొగ ఒక్క తీరుగా పోదు, కొట్టుకుంటూ పోతుంది. రెండు కొట్టుళ్ళ మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సార్ ఆ గాలిని చూసి ఆక్సిజన్ ఉందంటుంది, కంప్యూటర్ నమ్మి పెట్రోలు పోస్తుంది. సంతోషంతో "అమ్మా!" అని అరిచాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయి సీరియల్ చూస్తోంది.

ఆ జాయింట్‌ని బిగించే స్టడ్‌లు (బోల్టులు) మూడు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. అది చూడగానే ఆ అబ్బాయి మీద పొద్దుటి కోపం రెట్టింపైంది. అక్టోబరు వానల్లో ముందు పైపు మార్చింది ఆ వర్క్‌షాపులోనే. తను సరిగ్గా బిగించకుండా వదిలేసి, ఇప్పుడు కంప్యూటర్‌ని పారేద్దామంటాడా అని, ఇక్కడ రాసిన మొదటి పేరాలు ఆ వేడిలోనే రాశాను.

రాస్తూ రాస్తూ ఉంటే గుర్తొచ్చింది. అక్టోబరులో ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, ఒక స్టడ్డు తుప్పు పట్టి లోపలే విరిగిపోయింది. డ్రిల్ చేసి తియ్యాలి, రెండురోజులు బండి వదలండి" అన్నాడు. సాయంత్రం అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నేనే, "ఇప్పటికి రెండింటితో బిగించెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాను. ఎక్కడ నిలబడి అన్నానో కూడా గుర్తుంది, బాల్కనీలో, బట్టలు తీస్తూ, ఫోను భుజానికి నొక్కుకుని. అతను ఒకసారి "పొగ లీక్ అవుతుందక్కా" అని కూడా అన్నాడు. నేను "సరే సరే" అన్నాను.

పొద్దున నేను రెండుసార్లు చెబితే వినలేదని కదా ఇంత రాశాను!

ఆ మొదటి పేరాలు కొట్టేయాలనిపించింది. కొట్టేయడం లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా మనసులో ఉన్నది అదే కాబట్టి. కానీ ఇప్పుడు ఆలోచిస్తుంటే, పారేద్దామన్న మాట కూడా అతని వైపు నుంచి అంత అన్యాయంగా లేదు. అతనికి ఇరవై ఐదో, ఆరో. అతను పుట్టేసరికే ఇక్కడి కొత్త కార్లు కార్బురేటర్ లేకుండా పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌కి మారిపోతున్నాయి. 1981 తర్వాత కొన్నేళ్ళు అమెరికాలో ఇంజెక్షన్ పూర్తిగా వచ్చేలోపు వాడిన ఈ పద్ధతిని అతనికి ఎవరు నేర్పుతారు? మామూలు కార్బురేటర్ ఉంటే ఊళ్ళో ఎవరైనా బాగుచేస్తారు. నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారని మా ఆయన అడిగిన ప్రశ్నకి కూడా నా దగ్గర జవాబు లేదు. మా చిన్నమ్మాయికి ఈ బండి అంటే ఇష్టమే, కానీ ఏసీ బిగించాలని దాని కోరిక.

కార్బురేటర్ ఒక్కటీ మారిస్తే సరిపోదన్నది మాత్రం అతనికి తెలియాలి. ఈ బండిలో స్పార్క్ ఎప్పుడు రావాలో కూడా ఆ కంప్యూటరే చెబుతుంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో దాన్ని ముందుకి జరిపే బరువులు లేవు, వాక్యూమ్ డబ్బా లేదు. వైర్లు కట్ చేస్తే బండి కదులుతుంది కానీ ప్రాణం లేనట్టు ఈడుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ కూడా మార్చాలి. పొద్దున ఈ మాట శాంతంగా చెప్పి ఉండాల్సింది. నేను "వద్దు" అని తాళాలు తీసుకుని వచ్చేశాను. అతను స్పానర్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇందాక మెసేజ్ పెట్టాను. రేపు పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే, డ్రిల్లు పట్టుకుని ఇంటికే రమ్మన్నాను. అక్టోబరులో అతను చెప్పిందే నిజమని కూడా రాశాను. బొటనవేలు గుర్తు వచ్చింది, వెనకే "కాఫీ ఉంటుందా అక్కా" అని.

బ్యాటరీ వైరు పది సెకన్లు తీసి ఉంచితే పాత కోడ్ చెరిగిపోతుంది. తీయలేదు. పక్కపిన్ను కనెక్టర్ పక్కనే పెట్టాను. స్టడ్డు ముట్టుకునే ముందు అతను ఆ సీట్లో కూర్చుని ఒకసారి లెక్కపెట్టాలి.