ఆదివారపు ఫ్రెంచి

బెర్లిన్ నుంచి వచ్చిన రైలు దిగినవారందరూ వ్రోత్స్వాఫ్ స్టేషన్ ఎదుట ఫొటోలు తీసుకుంటున్నారు. 1857లో కోట ఆకారంలో కట్టిన ఆ నారింజరంగు భవనం నిజంగానే చూడముచ్చటగా ఉంది. నేను మాత్రం కాసేపాగి మళ్లీ లోపలికే వెళ్లాను. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఈ ఊరు 1945 దాకా జర్మనీలోని బ్రెస్లావ్. చెల్లో (వయొలిన్ కుటుంబానికి చెందిన పెద్ద వాద్యం) విద్వాంసురాలు అనిటా లాస్కర్ వాల్‌ఫిష్ 1925లో పుట్టిందీ, 1942లో పారిపోబోతూ అక్క రెనాటెతో సహా నాజీల రహస్య పోలీసులైన గెస్టపోకు పట్టుబడిందీ ఇక్కడే.

తండ్రి న్యాయవాది, తల్లి వయొలిన్ వాయించేవారు, ముగ్గురు కూతుళ్లు. ఆదివారం ఇంట్లో ఫ్రెంచిలోనే మాట్లాడాలని తండ్రి నియమం పెట్టారు. ఆ పూట ఇల్లు బాగా నిశ్శబ్దంగా ఉండి ఉంటుందని నా ఊహ. యూదుల పిల్లకు చెల్లో నేర్పే గురువు ఊళ్లో దొరకక అనిటాను చిన్న వయసులోనే బెర్లిన్‌కు పంపినవారు, 1938 నవంబరులో నాజీల దాడుల్లో యూదుల ప్రార్థనామందిరాలు తగలబడ్డాక ఇంటికి రప్పించుకున్నారు. పెద్దమ్మాయి ఒక్కతే ఇంగ్లండ్ చేరగలిగింది. 1942 ఏప్రిల్‌లో తల్లిదండ్రులను పోలండ్‌లో లుబ్లిన్ దగ్గరి ఇజ్బిత్సాకు నాజీలు తరలించారు. వారు తిరిగి రాలేదు.

కాగితపు కర్మాగారంలో పనికి పెట్టిన అక్కచెల్లెళ్లకు అక్కడ ఫ్రెంచి ఖైదీలు కనిపించారు. ఆదివారాల్లో నాన్న పట్టుబట్టి నేర్పిన భాష అక్కరకొచ్చింది: వాళ్లు పారిపోవడానికి వీరు దొంగ పత్రాలు తయారుచేసి ఇచ్చారు. తామూ బయలుదేరి ఈ స్టేషన్‌లో దొరికిపోయినప్పుడు, దగ్గరున్న విషం మింగారు. తియ్యగా తగిలింది. ఒక స్నేహితుడు ముందే దాన్ని తీసేసి పంచదార పొడి నింపి ఉంచాడట.

తర్వాత జైలు, ఆపైన విడివిడిగా నాజీల మరణశిబిరం ఆష్విట్జ్. అనిటా ఎర్ర తాళ్ల నల్లబూట్లను అక్కడ పనిచేసే ఖైదీ ఒకామె అడిగి తీసుకుంది. కొన్నాళ్లకు వచ్చిన రెనాటె ఆ బూట్లను గుర్తుపట్టబట్టే అక్కచెల్లెళ్లు కలుసుకోగలిగారు. చెల్లో వాయించడానికి చేర్చుకున్న శిబిరంలోని మహిళల వాద్యబృందమే అనిటాను బతికించింది. 1945 ఏప్రిల్ 15న, తర్వాత తరలించిన మరో శిబిరం బెర్గెన్‌బెల్సెన్‌లో ఇద్దరికీ విముక్తి లభించింది.

స్టేషన్ నుంచి తెల్లకొంగ సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) దాకా నడిచాను. 1829 నాటి ఆ మందిరం ఇప్పుడు చక్కగా బాగుపడింది. తరలింపులకు ముందు యూదులను పోగుచేసిన దాని ముంగిట్లో ఇప్పుడు కాఫీ బల్లలున్నాయి. నేనూ ఒక కాఫీ తాగాను, కొంచెం సిగ్గుపడుతూనే. చుట్టూ వినిపించేది పోలిష్; యుద్ధం తర్వాత జర్మన్లను పంపేసిన ఈ ఊళ్లో తూర్పు నుంచి వచ్చిన పోలిష్ కుటుంబాలు స్థిరపడ్డాయి. తిరిగి వద్దామన్నా అనిటాకు ఆ ఊరే మిగలలేదు.

1946లో బ్రిటన్ చేరిన ఆమెను గడిచిందేమిటని ఎవరూ అడగలేదు. అదే ఊరిలో పుట్టిన పియానో విద్వాంసుణ్ణి పెళ్లాడారు, ఇంగ్లిష్ చాంబర్ ఆర్కెస్ట్రాలో వాయించారు. కొడుకూ చెల్లో విద్వాంసుడే అయ్యాడు. అయినా పిల్లలకు తన కథను నోటితో చెప్పలేక, దశాబ్దాల తర్వాత కాగితం మీద రాసిచ్చారు.

సాయంత్రం టికెట్ల కిటికీ దగ్గర ఇజ్బిత్సాకు దారి అడిగాను. లోపలి అమ్మాయి ఆ పేరును రెండుసార్లు చెప్పించుకుని, లుబ్లిన్ దాకా టికెట్ కొట్టి ఇచ్చింది.