కార్తీక సోమవారం, ఒక కర్పూర అరటిపండు

అమ్మ నాలుగింటికే లేచి తలస్నానం చేసి, కాలవలో దీపం వదిలి వచ్చేసింది. ఇక రాత్రి చుక్క కనబడేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టదు. అలాంటి మనిషి, నేను జిమ్ముకని బూట్ల లేసు కట్టుకుంటుంటే వెనకాలే నిలబడి "ఏదైనా నోట్లో వేసుకుని వెళ్ళరా" అంది.

"నువ్వు ఉపవాసం ఉంటే నేను తినడమేంటమ్మా?"

"ఉపవాసం నాది. ఇనుము ఎత్తేది నువ్వు."

దీనికి తిరుగు లేదు. దండెం మీద వేలాడుతున్న అరటి అత్తం లోంచి ఒక పండు తుంచుకున్నాను. కర్పూరం. మా రావులపాలెంలో ఉన్న సుఖం ఇదొక్కటే, సైకిలుకి రెండువైపులా గెలలు కట్టుకుని యార్డుకి పోయేవాళ్ళు తెల్లారకుండానే ఎదురవుతుంటారు కాబట్టి ఇంట్లో పండు లేదనే మాటే రాదు. తొక్క పలచన, ముచ్చిక దగ్గర కాస్త నల్లబడింది. అలా మాగినదైతేనే పుల్లతీపిగా ఉంటుంది, పిండి చాలావరకు చక్కెరగా మారిపోయి తొందరగా ఒంటికి పడుతుంది. పసరు వాసన పోనిది తింటే కడుపులో అలాగే కూర్చుంటుంది.

మా జిమ్ములో కుర్రాళ్ళది వేరే సిద్ధాంతం. ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు కరిగిపోతుందట. ఆ గంటలో కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుందన్న మాట నిజమే గానీ, రోజు మొత్తం మీద తిండి అంతే ఉంటే నెల తిరిగేసరికి పెద్ద తేడా ఏమీ కనబడదు. రాత్రంతా నిద్రలో తగ్గేది ముఖ్యంగా కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్, అంటే చక్కెర నిల్వ. కండల్లోది చాలావరకు అలాగే ఉంటుంది. అందుకే ముప్పావు గంట చేసే నాబోటివాడికి పొద్దున్నే ఒక పండు చాలు, అది కూడా లేకపోయినా కొంప మునగదు. సుగరుకి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు డాక్టర్ని అడక్కుండా పరగడుపున బరువులు ఎత్తకూడదు. మా బళ్ళో లెక్కల మేస్టారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినరు.

జిమ్ముకెళ్తే అక్కడా కార్తీకమే. సోమవారం కాబట్టి ఎప్పటిలాగే అందరూ ఛాతీ బెంచీల దగ్గరే. మూల మాత్రం మాల వేసుకున్న కుర్రాడు నల్లబట్టల్లో, ఉత్తకాళ్ళతో నిలబడి ఉన్నాడు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్న ట్రైనరు ఇవాళ "బరువు తగ్గించండి స్వామీ, ప్లేటు కాలి మీద పడుద్ది స్వామీ" అంటున్నాడు. స్వామిది మధ్యాహ్నం భిక్ష ఒక్కటే భోజనం, రాత్రికి ఏదో అల్పాహారం. "అయితే సాయంత్రం నాలుగున్నరకి రండి స్వామీ" అన్నాడు ట్రైనరు. నాకు నచ్చింది. ఒంటిగంటకి పప్పు, నెయ్యి, కూరలతో అన్నం తింటే అది కడుపు దాటడానికి మూడు గంటలైనా కావాలి. నూనె, నెయ్యి ఎంత ఎక్కువైతే అంత ఆలస్యం. అరగక ముందే బరువులెత్తితే రక్తం పొట్టకి పోవాలా, కండలకి పోవాలా? తేన్పులు తప్ప ఏమీ మిగలవు.

"మేస్టారూ, ఏం తిని వచ్చారండీ?" అని నన్నూ అడిగాడు.

"అరటిపండండీ."

"ఎంతసేపైందండీ?"

"అరగంట."

"ఆయ్, సరిపోద్దండీ."

పక్క బెంచీ కుర్రాడు వ్యాయామానికి ముందు తాగే డబ్బా పొడి కొత్తగా కలుపుకు తాగి "చెవులు జుమ్మంటున్నాయండీ మేస్టారూ, బాగా పనిచేస్తోంది" అన్నాడు. ఆ జుమ్మనడం పొడిలో ఉండే బీటా అలనిన్ అనే పదార్థం వల్ల, బలానికీ దానికీ సంబంధం లేదు. ఊపు తెచ్చేది మాత్రం అందులోని కెఫీనే. ఆ ముక్క చెప్పి, కాఫీ తాగినా అదే వస్తుంది కదా అంటే, మేస్టార్లు ఇంతే అన్నట్టు చూశాడు.

బడి, పరీక్ష పేపర్లు, మామూలే.

సాయంత్రం ఆరున్నరకి డాబా మీద నుంచి అమ్మ చుక్క చూసుకుని దిగింది. ఈలోపు మా ఆవిడ పెరట్లో మూకుడు మీద మూత పెట్టి, మూత మీద కొబ్బరి పీచు నిప్పులు పోసి మినపరొట్టె కాల్చింది. అడుగున ఎర్రటి అట్ట, లోపల దూదిలాంటి మెత్తదనం, అంచున కరకర. పొద్దున్నే వ్యాయామానికి ముందు ఈ రొట్టె తిన్నవాడు బెంచీ మీద పడుకుని నిద్రపోతాడు. రాత్రికైతే ఇబ్బంది లేదు, పొద్దుటికి అరిగి కండల్లోకి చేరుతుంది. రేపు కాళ్ళ వంతు కూడాను. అందుకని అమ్మ రెండో ముక్క వేస్తుంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఎంతమందికి చేశావే రొట్టె?" అని అమ్మ మా ఆవిణ్ణి అడుగుతోంది, మూడోది నా కంచంలోకి జారుస్తూనే.