ఆకలి వేయకముందే: ఎలిమినేషన్ డైట్‌కి ఇంటిల్లిపాదీ సిద్ధం కావడం

ఎలిమినేషన్ డైట్ అంటే పడవేమోనని అనుమానమున్న తిండ్లు కొన్నాళ్ళు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసే పద్ధతి. అది మొదలుపెట్టబోయేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "అయితే ఏం తినొచ్చు?" అని. నేను తిరిగి "ఇంట్లో ఎవరెవరుంటారు? వంట ఎవరు చేస్తారు?" అని అడుగుతాను. తినేదీ మానేదీ నేనే కదా, మిగతావాళ్ళతో పనేంటి అనుకుంటారు చాలామంది. కానీ ఈ డైట్ నిలబడేదైనా చెడిపోయేదైనా అక్కడే అని నాకు గట్టి నమ్మకం.

నాకున్న జబ్బు పేరు ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్. ఒక రకం తెల్లరక్తకణాలు అన్నవాహిక గోడల్లో పోగై వాపు తెప్పిస్తాయి. మింగిన ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోతుంది. నీళ్ళు తాగినా దిగదు, కక్కుదామన్నా రాదు. ఎండోస్కోపీ చేసి, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి, లోపలి నుంచి చిన్న ముక్కలు తీసి (దీన్నే బయాప్సీ అంటారు) మైక్రోస్కోప్ కింద ఆ కణాలు లెక్కపెడతారు. ఒక ఫీల్డ్‌లో, అంటే మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనబడే మేరలో, 15 గానీ అంతకు మించి గానీ ఉంటే ఈ జబ్బేనని అనుమానం బలపడుతుంది. దీనికి మందులున్నాయి. మందుల బదులు తిండి మార్చి తగ్గించుకునే దారి కూడా ఉంది. నేను ఆ దారి పట్టాను. పాలు, గోధుమ, గుడ్లు, సోయా, వేరుశనగతో పాటు బాదం జీడిపప్పు లాంటివన్నీ, చేపలు రొయ్యలు: ఈ ఆరు వర్గాలూ ఒక్కసారే బంద్.

ఆరూ మానే ఈ పద్ధతి మీద 2006లో చికాగో డాక్టర్లు పిల్లల్లో చేసిన అధ్యయనం వచ్చింది. ఆ తర్వాత పెద్దవాళ్ళలోనూ చూశారు. 2023లో అచ్చయిన ఒక ట్రయల్‌లో ఆరూ మానిన పెద్దవాళ్ళలో 40 శాతం మందికి, పాలు ఒక్కటే మానినవాళ్ళలో 34 శాతం మందికి బయాప్సీలో జబ్బు అదుపులోకి వచ్చింది. గణాంకాల ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. అందుకే ఇప్పుడు ఒకటి రెండింటితో మొదలుపెట్టి, అవసరమైతే పెంచుకుంటూ పోయే డాక్టర్లున్నారు. మీకింకా మొదలు కాలేదంటే ఈ సంగతి తప్పకుండా అడగండి. ఎన్ని తక్కువ మానితే ఇంట్లోవాళ్ళ మీద అంత తక్కువ భారం.

మొదట్లో అందరూ నాకు ధైర్యం చెప్పారు. "నువ్వు చెయ్యగలవు", "ఎన్నాళ్ళులే, ఇట్టే అయిపోతుంది" అన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి నీరసంగా వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే ఆ మాటల్లో ఒక్కటీ ప్లేట్లోకి రాదు. ఆకలి రుచి ఎరగదంటారు, లేబుల్ అసలే ఎరగదు. ఆ సమయానికి చేతికందేది వేడి చేసుకుని తినేలా సిద్ధంగా ఉండాలి. అది ఉంటే పట్టుదలతో పనే లేదు.

కాబట్టి సాయం అడిగేటప్పుడు పని పేరు చెప్పి అడగాలి. మా అక్క ఫోన్ చేసి, "నన్నేం చెయ్యమంటావే? ఊరికే జాలి పడటం తప్ప నాకేం తోచట్లేదు" అంది.

"ఆదివారం సాయంత్రం రా అక్కా. వారానికి సరిపడా కూరలు ఒక్కదాన్నీ తరుక్కోలేకపోతున్నా."

వచ్చింది. మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. తను తరుగుతుంటే నేను వండుతాను. అన్నం, ఉడికించిన చికెన్, బంగాళాదుంప, క్యారెట్, గుమ్మడి. అన్నం వండగానే వెడల్పు పళ్ళెంలో పరిచి, తొందరగా చల్లార్చి డబ్బాల్లో పెట్టేస్తాం, ఎందుకంటే వండిన అన్నం గంటల తరబడి బయటే ఉంటే అందులో బాక్టీరియా పెరిగి విషం తయారవుతుంది, మళ్ళీ వేడి చేసినా అది పోదు. ప్రతి డబ్బాకీ కాగితం టేప్ అంటించి లోపల ఏముందో, ఏ రోజు వండామో మార్కర్‌తో రాస్తాం. గడ్డకట్టాక చికెన్‌కీ గుమ్మడికీ తేడా తెలియదు. డబ్బా తెరిచి, వాసన చూసి, అనుమానపడి పక్కన పెట్టేంత ఓపిక ఆకలి మీద ఉన్నప్పుడు ఉండదు. ఫ్రీజర్‌లో కనీసం మూడు పూటలది ఎప్పుడూ మిగిలి ఉండాలని మా నియమం. జ్వరమొచ్చినా, ఆఫీసులో ఆలస్యమైనా, కరెంటు పోయి వంట ఆగినా ఆ మూడు పూటలే గట్టెక్కిస్తాయి. 

లేబుళ్ళ పని మా ఆయనది. కంటికి ఆననంత చిన్న అక్షరాలు, అదీ మెరిసే కవరు మీద. ఆయన ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతారు. పాలు అని నేరుగా రాయకుండా కేసీన్, కేసినేట్, వే అని ఉండొచ్చు. లాక్టోస్ ఫ్రీ అని ఉంటే మాకు అస్సలు పనికిరాదు. అందులో పాల చక్కెర మాత్రమే విరిచేస్తారు, నాకు పడనిది పాల ప్రొటీన్, అది అలాగే ఉంటుంది. సోయా సాస్‌లో మామూలుగా సోయాతో పాటు గోధుమ కూడా ఉంటుంది. కొన్ని మాత్రల్లో కూడా లాక్టోస్ కలుపుతారు, దానితో పాటు కాస్త పాల ప్రొటీన్ ఉండొచ్చు. అలాగని వాడుతున్న మందు మనంతట మనం ఆపేయకూడదు, ఫార్మసిస్టునో డాక్టర్నో అడగాలి. పోయిన నెల చదివిన ప్యాకెట్టే కదా అని వదిలేయకూడదు కూడా. కంపెనీ వాళ్ళు పేరు మార్చకుండానే లోపలి సరుకు మార్చేస్తుంటారు. కొన్న ప్రతిసారీ చదవాల్సిందే. ఇది ఇంకొకరు చేస్తుంటే నా మనసుకి ఎంత తెరిపిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

వంటింట్లో పెద్ద మార్పులేం చెయ్యలేదు. ఫ్రిజ్‌లో పై అర నాది, పైనుంచి నా డబ్బాల మీద ఏదీ కారకుండా. నా గరిటె, నా జల్లెడ వేరు. టోస్టర్ నేను ముట్టుకోను, దాని నిండా గోధుమ పొడే.

కష్టమంతా నలుగురిలోకి వెళ్ళినప్పుడే. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అని అడుగుతారు. నిజానికి నా విషయంలో ఆ ఒక్క ముక్కతో అప్పటికప్పుడు ఏమీ కనబడకపోవచ్చు. దద్దురు రాదు, ఊపిరి ఆడకపోవడం ఉండదు. జబ్బు లోపల నెమ్మదిగా రేగుతుంది, ఎప్పుడో బయాప్సీలో తేలుతుంది. ఇదంతా ప్లేటు చేతిలో పట్టుకుని ఎవరికి వివరిస్తాం? అందుకే పిలిచినవాళ్ళకి ముందు రోజే ఫోన్ చేసి చెప్పేస్తాను: "డాక్టర్ చెప్పినందుకు కొన్ని మానేశానండీ. నా భోజనం నేను తెచ్చుకుంటాను, మీతో కూర్చునే తింటాను." ఇలా చెప్తే ఎవరూ నొచ్చుకోలేదు. అక్కడ ఎవరైనా మరీ బలవంతపెడితే జవాబు చెప్పేది మా ఆయన. ఇది బయల్దేరే ముందే అనుకుంటాం. పెద్దవాళ్ళకి నేను వద్దంటే మొహమాటం అనుకుంటారు, ఆయన వద్దంటే ఆగుతారు. అది న్యాయమా కాదా అన్నది వేరే సంగతి, నాకు మాత్రం ఆ పూట గడుస్తుంది.

మనసు సంగతి కూడా చెప్పాలి. ఇష్టమైన తిండి దూరమైతే బెంగ ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఆఫీసులో ఒక స్నేహితురాలుంది. నేను విసుక్కుంటే వింటుంది, సలహా ఇవ్వదు. "అది తిని చూడు, ఇది తిని చూడు" అనేవాళ్ళు చుట్టూ పదిమంది ఉంటారు కాబట్టి, ఏమీ చెప్పకుండా వినే మనిషి ఒకరైనా కావాలి.

డైటీషియన్ లేకుండా మాత్రం ఇది మొదలుపెట్టకండి. పాలు మానితే కాల్షియం ఎక్కడి నుంచి రావాలో, బరువు తగ్గుతుంటే ఏం పెంచాలో వాళ్ళు చూస్తారు. గోధుమ మానేముందు సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే జబ్బు) పరీక్ష అవసరమా అని అడగండి, మానేశాక చేయిస్తే పరీక్ష తప్పు చూపించే వీలుంది. తిండి విషయంలో ఇదివరకు మానసిక ఇబ్బంది పడ్డవాళ్ళు, గర్భిణులు, పిల్లలు సొంతంగా అసలు చేయకూడదు. ఒక పదార్థానికి ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చిన చరిత్ర ఉంటే దాన్ని మళ్ళీ మొదలుపెట్టడం ఇంట్లో చేసే పని కాదు, డాక్టర్ల కళ్ళ ముందు జరగాలి.

ఇక చాలామంది లెక్కలోకి తీసుకోనిది రెండో భాగం. మానడం కొన్ని వారాలే. కడుపు ఉబ్బరం, ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల తేడాలతో తరచూ ఇబ్బంది పెట్టే పేగుల సమస్య) కోసం ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన లో ఫాడ్‌మ్యాప్ డైట్‌లో, అంటే పేగుల్లో పులిసి గ్యాస్ చేసే కొన్ని రకాల పిండిపదార్థాలు తగ్గించే పద్ధతిలో కూడా మానేది 2 నుంచి 6 వారాలు. ఆ తర్వాత ఒక్కో రకం పదార్థాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ మూడు రోజుల పాటు తిని చూస్తారు. నా జబ్బులో అంత తొందరగా తేలదు. గొంతు బాగున్నట్టు అనిపించినా లోపల వాపు ఉండొచ్చు. అందుకని ఒక్కో వర్గాన్నీ కలిపి, కొన్ని వారాలు తిని, మళ్ళీ ఎండోస్కోపీ. అన్నీ తేలడానికి నెలలు పడుతుంది. ఇంట్లోవాళ్ళేమో మొదటి రిపోర్టు బాగా వచ్చిందనగానే పండగ చేసుకుని, ఇక అయిపోయిందనుకుంటారు. ఆదివారాలకి అప్పుడే గండి పడుతుంది. నేను మొదటి రిపోర్టు రోజునే అందరినీ కూర్చోబెట్టి మిగతా వరస కాగితం మీద రాసి చూపించాను. ఎండోస్కోపీకి మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు నేను బండి నడపకూడదు, ఎవరో ఒకరు సెలవు పెట్టి ఇంటికి తీసుకురావాలి. ఆ కాగితంలో అదీ ఉంది.

డాక్టర్ వేసిన వరసలో, తేడా చేసే అవకాశం తక్కువున్నవి ముందు వస్తాయి. చేపలు, నట్స్ ముందు, తర్వాత సోయా, గుడ్లు. అవి నెగ్గితే వంటలో వెసులుబాటు వస్తుంది. ఎక్కువమందికి తేడా చేసే గోధుమ, పాలు ఆఖర్న. చేపలు నెగ్గాయి. ఇప్పుడు నట్స్ తింటున్నాను, తర్వాతి ఎండోస్కోపీ రోజుకి సెలవు ఎవరు పెడతారన్నది ఆయనా అక్కా ఇంకా తేల్చుకోవాలి.