అద్దాలు, ఇండికేటర్లు: నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

కారు నేర్చుకునే తొలి రోజుల్లో నా చూపంతా ముందున్న రోడ్డు మీద, ధ్యాసంతా క్లచ్ మీద ఉండేది. ఒకరోజు లేన్ మారుదామని ఇండికేటర్ వేసి, పక్క అద్దంలో చూసి, ఖాళీగానే ఉందనుకుని స్టీరింగ్ తిప్పబోయేసరికి వెనుక తలుపు దగ్గర హారన్ గట్టిగా మోగింది. అక్కడ ఒక మోటారు సైకిల్ ఉంది. అద్దంలో మాత్రం లేదు. శిక్షకుడు స్టీరింగ్ పట్టుకుని, కారును పక్కకు ఆపించి, కోప్పడకుండా ఒకే మాట అడిగారు: "ఈ అద్దాలు ఎవరికోసం సర్దారండీ?" నాకంటే ముందు నడిపినవారు వదిలినట్టే ఉన్నాయవి.

ఆరోజు మొదట సీటు సరిచేయించి, ఆ తర్వాతే అద్దాల జోలికి వెళ్లనిచ్చారు. లోపలి అద్దంలో వెనుక గాజు మొత్తం కనిపించాలి, పక్క అద్దాల్లో మన కారు అంచు సన్నని గీతలా కనిపిస్తే చాలు. నేనేమో అప్పటిదాకా అద్దంలో సగం మేర నా కారు తలుపునే చూసుకుంటున్నాను, అదెక్కడికో పోతుందన్నట్టు! పక్క అద్దాలు సాధారణంగా కుంభాకారంగా ఉంటాయి కాబట్టి వాటిలో బండ్లు చిన్నవిగా, ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తాయనీ, అసలు దూరం తెలియాలంటే లోపలి అద్దంతో పోల్చుకోవాలనీ అప్పుడే తెలిసింది.

ఎంత సర్దినా కొంత మేర ఏ అద్దానికీ అందదు. దానికోసం భుజం మీదుగా ఒక్క క్షణం తల తిప్పి చూడాలి. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే: తల తిరిగిన వైపే చేతులూ తిరిగి కారు పక్కకు జరిగిపోయేది. ఆగి ఉన్న కారులో, స్టీరింగ్ కదలకుండా తల మాత్రమే తిప్పడం పదేపదే సాధన చేశాకే ఆ భయం పోయింది.

ఇండికేటర్ వేస్తే దారి మనదే అన్నది నా మరో భ్రమ. అది మన ఉద్దేశాన్ని తెలిపేదే కానీ, అవతలివారు ఒప్పుకున్నారని కాదు. అందుకే అద్దాలు చూసి, బ్రేకు వేయకముందే ఇండికేటర్ వేసి, వెనుకవారికి అర్థమయ్యేందుకు కొన్ని సెకన్లు ఆగి, మరోసారి చూసుకున్నాకే తిప్పడం అలవాటు చేసుకున్నాను. మలుపు తిరిగాక ఇండికేటర్ దానంతటదే ఆగుతుంది. లేన్ మారినప్పుడు స్టీరింగ్ కొద్దిగానే తిరుగుతుంది కాబట్టి తరచూ ఆగదు. ఒకసారి అలా టిక్కు టిక్కుమంటూ చాలా దూరం వెళ్లాను. నేను మలుపు తిరుగుతానని నమ్మి, పక్క దారిలోని కారు నా ముందుకు రాబోయింది. ఇప్పటికీ లేన్ మారగానే నా వేలు ఒకసారి ఆ మీటను తడుముతుంది.