లాకప్‌లో అరగంటకోసారి

"ఏమ్మే, దొంగలకు టీలిచ్చి, మాత్రలిచ్చి మేపేదానికా నువ్వు లండన్‌కు పోయింది?" తిరుపతిలో పెళ్లి పంక్తిలో మామ అందరి ముందూ అనేశాడు. చిత్తూరులో హెడ్‌కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. పెద్దాయనకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను గానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంగ్లండ్‌లో పోలీసు లాకప్‌లో నర్సును నేను. దొంగతనం కేసులో పట్టుకొచ్చినవాడికి అక్కడ పోలీసులు నోట్లో స్వాబ్ (దూదిపుల్లలాంటిది) పెట్టి హెరాయిన్, కొకైన్ పరీక్ష చేయొచ్చు. కుదరదంటే అదింకో నేరం. పాజిటివ్ వస్తే డ్రగ్స్ వర్కర్, అంటే వ్యసనం నుంచి బయటపడేందుకు సాయం చేసే మనిషి, ముందు కూర్చోవాల్సిందే. ఇందులో మేపడం ఎక్కడుంది మామా?

మత్తులో ఉన్నవాణ్ని కనీసం అరగంటకోసారి లేపి, నీ పేరేంటి, ఎక్కడున్నావు అని అడగాలని రూలు. గురక పెడుతున్నాడులే అని వదిలేస్తే ఆ నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. హెరాయిన్ దొరక్క వణుకుతూ వాంతులు చేసుకునేవాడు బయటపడితే చాలని ఏ నేరమైనా ఒప్పేసుకుంటాడు. అలాంటి వాంగ్మూలం ఏ కేసుకు పనికొస్తుంది?

మన దగ్గర నాకు అంతకంటే భయం మందుతో. రోజూ తాగేవాడికి ఉన్నట్టుండి ఆగిపోతే రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టి రిమాండ్‌కు పంపేస్తారు కాబట్టి అదంతా జరిగేది సబ్‌జైల్లో. చివరిసారి ఎప్పుడు తాగావని స్టేషన్లోనే అడిగి కాగితం మీద రాస్తే జైలు డాక్టరు ముందే జాగ్రత్తపడతాడు.

చట్టం మనకూ ఉంది. మత్తుపదార్థాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, 64ఏ సెక్షన్ కింద, వాడుతూనో కొద్ది మోతాదుతోనో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు.

ఇంగ్లండ్‌లో నా ప్రాణం ఉసూరుమనేది ఒక్కదానికే. లాకప్‌లో ఉన్న చాలామంది కోసం వచ్చేవాళ్లే ఉండరు. ఇక్కడ గంజాయితో కొడుకు దొరికితే అమ్మ క్యారియర్ పట్టుకుని స్టేషన్ మెట్ల మీద కూర్చుంటుంది. బాబాయి లాయరు కోసం పరిగెడతాడు, ఇంకొకరు ఎమ్మెల్యే మనిషిని పట్టుకుంటారు. అంతమందిలో ఒక్కరైనా వాణ్ని తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లాలి. మామ మాటకు స్టేషన్లో ఇప్పటికీ విలువుంది. ఆ తల్లులతో ఈ ముక్క చెప్పమని ఆయన్నే అడుగుతాను.